ఒక్కో కొవ్వొత్తికి ఒక్కో మాట

ఉమకు వాసన తెలియడం ఆగిపోయి మూడేళ్లు దాటింది. కరోనా రెండోసారి ఊరిమీద పడ్డప్పుడు ఆమెకూ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, కాళ్లలో సత్తువ వచ్చింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. పొయ్యి మీద పప్పు మాడి గిన్నె నల్లబడినా పక్క గదిలో ఆమెకు తెలిసేది కాదు. గ్యాస్ లీకైతే ఏమిటి గతి అని భర్త జనార్ధనరావు వంటింట్లో అలారం పెట్టించాడు. ఆయన రైల్వేలో సిగ్నల్ ఇంజినీరు. ప్రమాదాన్ని ముందే ఊహించి దారి మూసేయడం ఆయన ఉద్యోగం.

ఉమ బాధ అది కాదు. కూతురు సిరి పసిపిల్లగా ఉన్నప్పుడు తలకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేసి, ఆ జుట్టులో ముఖం పెట్టి పీల్చేది. ఆ రోజు, ఆ టవలు, ఆ కిటికీ అన్నీ గుర్తున్నాయి. ఆ వాసన ఎలా ఉండేదో మాత్రం ఎంత తలుచుకున్నా తట్టేది కాదు. వాసన పోతే దానితో పాటు దాని జ్ఞాపకం కూడా పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

డాక్టరు మందు ఇవ్వలేదు. లవంగం, నిమ్మ, గులాబి, నీలగిరి తైలాలు తెచ్చుకుని రోజూ పొద్దున్నే ఒక్కొక్కటీ శ్రద్ధగా పీల్చమన్నాడు. ముక్కుకు మళ్లీ నేర్పాలన్నాడు. ఉమ నేర్పుతూనే ఉంది, ముక్కు నేర్చుకోవడం లేదు. కిటికీ గట్టు మీద సీసాలు పెరిగాయి. మరువం వచ్చింది, దవనం వచ్చింది, వట్టివేరు వచ్చింది. సిరి పోచారంలో ఒక కంపెనీలో ఫోన్ యాప్‌ల తెరలకు బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తుంది. ఒక ఆదివారం ఆ సీసాలు చూసి, ఊరికే మూతలు తీసి పెట్టే బదులు వాటితో కొవ్వొత్తులు చెయ్యరాదా అమ్మా అంది.

ఉమ చేసింది. సోయా మైనం గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించడం, థర్మామీటరు చూసి నూనె కలపడం, గాజు గ్లాసుల్లో పోయడం. ముక్కును నమ్ముకునే వీల్లేదు కాబట్టి అన్నీ తూకం ప్రకారమే. చేతికి పని దొరికింది. కానీ చేసింది ఎలా వచ్చిందో చెప్పాలంటే ఇంకొకరి ముక్కు కావాలి.

ఆ ముక్కు కింది వాటాలో ఉండే శారదమ్మది. ఉప్పల్‌లో ఉమ వాళ్ల ఇంటికి శారదమ్మ చాలాకాలంగా ఉన్న కిరాయిదారు. జనగామ దగ్గరి పల్లె నుంచి పెళ్లయి వచ్చి, నాచారంలో బట్టల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తోంది. ఉమను చెల్లె అంటుంది, ఉమ ఆమెను అక్కా అంటుంది. ఆదివారం పూట పైకి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, గ్లాసులు వరసగా వాసన చూసి ఇది బాగుంది, ఇది ఘాటు, ఇది సబ్బు లెక్కుంది అని తీర్పు చెప్పేది. ఉమ ఆ తీర్పును బట్టి తూకాలు మార్చేది.

ఒకసారి వట్టివేరులో రవ్వంత దవనం కలిపి చేసింది ఉమ. శారదమ్మ ఆ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. దించింది. మళ్లీ ఎత్తింది. బాగాలేదేమో అనుకుంది ఉమ. శారదమ్మ కళ్లు మూసుకునే ఉంది.

"ఇది మా అవ్వ వాసన, చెల్లె," అంది. "నాట్లేసి పొద్దుగూకినంక ఇంటికొస్తే, ఆమె చీర కుచ్చిళ్ల కాడ గిట్లనే వాసనొచ్చేది. నేను ఉరికిపోయి గా చీరల మొకం పెట్టుకునేదాన్ని."

ఉమ తను వేసింది వేరు నూనె, ఆకు నూనె, మైనం. అందులో నాట్లు లేవు, బురద లేదు, శారదమ్మ తల్లి లేదు. అయినా ఆవిడ ఈ గదిలోకి వచ్చి నిలబడినట్టు శారదమ్మ ముఖం వెలిగింది. తనకు ఉత్త గాజు, ఉత్త మైనం. ఎదుటి మనిషికి అందులో తల్లి. ఆ గ్లాసును ఉమ రెండు చేతులతో అందుకుంది.

దసరాకు ముందు నాచారంలో మహిళా సంఘం వాళ్లు ఒక ఫంక్షన్ హాల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నారని తెలిసి ఉమ, సిరి ఒక స్టాల్ తీసుకున్నారు. స్టాల్ అంటే గ్లాసుల మీద లేబుళ్లు ఉండాలి. సిరి కంప్యూటరులో చక్కగా డిజైన్ చేసింది. ఆకుపచ్చ ఆకు, బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు, హాయి, ప్రశాంతత అని అర్థం వచ్చే పేరు. చూడ్డానికి బాగుంది. షాపులో ఏ గ్లాసు తీసినా అలాగే ఉంటుందని ఉమకు అనిపించింది కానీ, కూతురు కష్టపడి చేసింది కదా అని పైకి అనలేదు.

నాచారం పారిశ్రామికవాడలో లేబుళ్లు కొట్టే చిన్న ప్రెస్సు ఒకటి సిరికి తెలుసు. యజమాని పేరు దయాకర్, నలభై ఏళ్ల లోపు వాడే. మచ్చుకు కాసిని కాగితం స్టిక్కర్లు కొట్టి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ఆ వట్టివేరు, దవనం కలిపిన గ్లాసులకు అంటిస్తే రెండు రోజుల్లోనే పాడైపోయాయి. గ్లాసు అంచు మీద ఉన్న నూనెను కాగితం పీల్చుకుని అక్షరాలు అలుక్కుపోయాయి. కొవ్వొత్తి వెలిగిస్తే ఆ వేడికి మూలలు లేచాయి. ఉమ ఆ గ్లాసునే సంచిలో పెట్టుకుని మళ్లీ ప్రెస్సుకు వెళ్లింది.

దయాకర్ గ్లాసు తిప్పి చూసి, తప్పు కాగితానిదేనన్నాడు. దీనికి ప్లాస్టిక్ స్టిక్కరు కావాలి, నూనె పట్టదు, వేడికి లేవదు అని చెబుతూనే, ఎందుకో గ్లాసును ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. మాట మధ్యలో ఆగిపోయాడు.

"ఇది మా ఇంట్ల పాత కూలరు వాసన అక్కా," అన్నాడు, అప్పటిదాకా మేడం అంటున్నవాడు. "గడ్డి మీద నీళ్లు పడంగనే గిట్లొచ్చేది. ఎండాకాలం నేనూ మా చెల్లె దాని ముంగట కూసొని పాటలు పాడేటోళ్లం. ఫ్యాను రెక్కలల్ల పడి గొంతు గరగర వినిపిస్తుండె."

ప్రెస్సులో మెషిన్ నడిపే మహిపాల్‌ను పిలిచి వాసన చూడమన్నాడు. మహిపాల్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చేతికున్న రంగు గుడ్డతో తుడుచుకుని గ్లాసు అందుకున్నాడు. కూలరు కాదన్నాడు. అంబర్‌పేటలో తన పెద్దమ్మ పూలు కట్టి అమ్మేదట. దవనం తుంచిన చేతులతోనే తనకు బువ్వ కలిపి పెట్టేదట. ఆ ముద్ద వాసన ఇది అన్నాడు. అని, గ్లాసు మళ్లీ బల్ల మీద పెట్టడానికి కాస్త ఆలస్యం చేశాడు.

ఉమ అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. శారదమ్మ తల్లి ఒక్కతే ఆ గ్లాసులో ఉందనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు అందులోనే ఒక కూలరు, ఇద్దరు పిల్లలు, పూలు కట్టే పెద్దమ్మ. తను చేసిన వస్తువే. తనకే తెలియని ఇంతమంది అందులో ఉన్నారు. గుడి గర్భగృహం ముందు నిలబడ్డప్పుడు మాట్లాడాలనిపించదు చూడండి, ఆ మెషిన్ల హోరులో ఆమెకు అలా ఉంది.

ఆ వారమంతా గ్లాసును సంచిలో వేసుకుని తిరిగింది. కూరగాయల బండి దగ్గర, ఉప్పల్ రింగ్ రోడ్డు బస్టాపులో, మెట్రో స్టేషను మెట్ల మీద, పరిచయం ఉన్నా లేకపోయినా అడిగింది. నాకు వాసన తెలియదండీ, ఇది చూసి ఏమనిపించిందో చెబుతారా అంటే కాదన్నవాళ్లు తక్కువ. కొందరు బాగుంది అని ఇచ్చేశారు. కొందరు చాలాసేపు ఉంచుకున్నారు. చిలకానగర్‌లో దర్జీపని చేసే చంద్రిక అనే ఆవిడ, కొత్త పుస్తకాలకు అట్టలు వేసే రోజు అంది. సిరి ఆఫీసులో హృషికేశ్ అనే కుర్రాడు, హాస్టలు వదిలి వచ్చేసే రోజు ఖాళీ గది వాసన అన్నాడు. ఒక ఆటో డ్రైవరు, వాన పడేముందు మైదానంలో ఆట ఆపకుండా ఆడటం అన్నాడు. ఏ ఇద్దరూ ఒకటే చెప్పలేదు. ఉమ వాళ్ల మాటలు వాళ్ల గొంతుల్లోనే ఫోన్లో దాచుకుని, లేబులు మీద వేయవచ్చా అని ఒప్పించుకుని వచ్చేది. ఇంటికొచ్చి వింటూ కూర్చునేది.

సిరికి ఇది మొదట మింగుడు పడలేదు. సరుకుకు ఒక పేరు, ఒక బొమ్మ ఉండాలి, అప్పుడే జనం గుర్తుపెట్టుకుంటారు అంది. ఉమ కాదనలేదు.

"పేరు పెట్టడానికి నాకు తెలిస్తే కదే," అంది. "నాకు తెలిసిందల్లా వీళ్లు చెప్పిందే. ఇంతమందిలో ఎవరి మాట తీసేయను?"

సిరి ఫోను అందుకుని ఆ గొంతులు తనూ వింది. మర్నాడు తల్లిని బండి మీద ఎక్కించుకుని ప్రెస్సుకు తీసుకెళ్లి దయాకర్‌ను అడిగింది, ఒక్కో లేబులు మీద ఒక్కో మాట వేయడం కుదురుతుందా అని. పాత మెషిన్ల మీద అయితే కుదరదన్నాడు. వాటికి ప్లేటు చేయాలి, ప్లేటు మీద ఏముంటే అదే వస్తుంది. తను తెచ్చిన ఈ కొత్త మెషిన్‌కు ప్లేటు లేదు. కంప్యూటరులో ఏది పంపితే అది కొడుతుంది, ప్రతి లేబులూ వేరే అయినా దానికి ఫరక్ పడదన్నాడు. ఇన్నాళ్లలో అలా కావాలని ఎవరూ అడగలేదని కూడా అన్నాడు.

సిరి బంగారు అక్షరాలు తీసేసింది. తెల్లటి లేబులు, మూలన సన్నటి గీతలతో వట్టివేరు బొమ్మ, నడిమధ్య తెలుగులో ఒక మనిషి చెప్పిన మాట, అడుగున చిన్నగా ఏమేం కలిపారో. మాటను దిద్దవద్దని, ఎవరు ఎలా పలికితే అలాగే ఉంచమని ఉమ పట్టుబట్టింది. మొదటి ప్రూఫులో వత్తులన్నీ విడిపోయి వచ్చాయి. 'అవ్వ' కాస్తా ముక్కలై, వ వత్తు పక్కకు జారి పడింది. ఫాంటు మార్చి, అక్షరాలను బొమ్మలుగా మార్చి, సిరి, దయాకర్ ఒక్కొక్క మాటనూ తెర మీద సరిచూశారు. ఉమ వెనక కూర్చుని పైకి చదివింది.

అచ్చు వేసే రోజు శారదమ్మను కూడా రమ్మన్నారు. ఆమె ఫ్యాక్టరీ అక్కడికి దగ్గరే. మధ్యాహ్నం అన్నం విరామంలో వచ్చింది. ఇవన్నీ ఏంది చెల్లె అంటూ మెషిన్ చుట్టూ చూసింది. మహిపాల్ తెల్లటి రోలు ఎక్కించి బటను నొక్కాడు. రోలు కదిలింది. తెల్లగా లోపలికి వెళ్లిన పట్టీ అవతలి వైపు నుంచి మాటలతో బయటికి వస్తోంది. కూలరు వెళ్లింది, పెద్దమ్మ చేతి ముద్ద వెళ్లింది, ఖాళీ గది వెళ్లింది, వాన పడబోయే మైదానం వెళ్లింది. ఒకదాని పక్కన ఒకటి, ఎవరికీ ఎవరూ తెలియని మనుషులు, ఒకే పట్టీ మీద సాగిపోతున్నారు. ఉమ రెప్ప వేయకుండా చూస్తోంది. తన ముక్కు తనకు చెప్పనిది ఈ మెషిన్ చెబుతున్నట్టుంది. ఎన్నో రోజుల నుంచి చీకట్లో తడుముకుంటున్న గదిలో ఎవరో లైటు వేసినట్టుంది.

మహిపాల్ వేగం తగ్గించి శారదమ్మ మాట ఉన్న లేబులును వేలితో చూపించాడు. శారదమ్మ వంగింది. ఆమె చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. అక్షరాల కింద వేలు నడిపిస్తూ, పెదవులు కదుపుతూ చదువుకుంది. అయిపోయాక మళ్లీ మొదటి మాట దగ్గరకు వచ్చి ఆగింది.

"మా అవ్వకు ఒక్క ఫోటో గూడ లేదు, చెల్లె," అంది. "ఆమె ఎట్లుంటదో నా పిల్లలకు సూపెట్టనీకె ఏం లేకుండె. గిప్పుడు అచ్చులకొచ్చింది."

మహిపాల్ మెషిన్ ఆపేశాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు. దయాకర్ ఆ లేబులును రోలు నుంచి జాగ్రత్తగా తీసి, వెనకున్న మైనపు కాగితంతో సహా శారదమ్మ చేతిలో పెట్టాడు. గ్లాసు కోసం ఇంకొకటి కొడతానన్నాడు. ఆమె దాన్ని టిఫిను డబ్బా సంచిలో కాకుండా జాకెట్టులో దాచుకుని పనికి వెళ్లిపోయింది.

ఎగ్జిబిషన్‌లో వాళ్ల స్టాల్ పచ్చళ్లకూ చీరలకూ మధ్యన వచ్చింది. మొదట్లో జనం లేబులు చదివి నవ్వుకుని వెళ్లేవారు. తర్వాత చదివినవాళ్లు వాసన చూశారు. వాసన చూసినవాళ్లు వెళ్లలేదు. నాకు కూలరు కాదండీ, మా నాన్న షేవింగు డబ్బా అని ఒకావిడ చెప్పింది. వెనక ఉన్నావిడ కాదు కాదంటూ తనది చెప్పింది. సిరి ఫోను పట్టుకుని రికార్డు చేస్తూనే ఉంది.

సాయంత్రం కావస్తుండగా ఒక పెద్దాయన్ను చేయి పట్టుకుని ఆయన కొడుకు తీసుకొచ్చాడు. పెద్దాయన పేరు రామచంద్రరావు. ఉప్పల్ దగ్గరి ప్రభుత్వ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తగా చేసి రిటైరయ్యాడు. కొడుకు ఫణీంద్ర మెల్లగా ఉమకు చెప్పాడు, నాన్నకు మరపు జబ్బు, ఎప్పుడేమంటారో తెలియదు, ఏమీ అనుకోకండి అని. పెద్దాయన ఒక గ్లాసు తీసుకుని కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. వాసన చూశాడు. మళ్లీ చదివాడు.

"ఇది నేను ఎవరికి చెప్పిన?" అన్నాడు.

ఫణీంద్ర ఇబ్బందిగా చూశాడు. గ్లాసు మీద ఉన్నది శారదమ్మ మాట.

"మా అమ్మే ఇది. నాట్లు వేసి వచ్చేది. నేను పోయి చీర పట్టుకునేవాణ్ని," అన్నాడు పెద్దాయన. ఆయన ముఖం ఆ ఆదివారం శారదమ్మ ముఖం వెలిగినట్టే వెలిగింది.

"నాన్నా, నానమ్మ అంబర్‌పేట్‌ల టీచర్ కదా," అన్నాడు ఫణీంద్ర, మెత్తగానే. "మనకు పొలం యాడిది?"

వెలుగు పోయింది. రామచంద్రరావు చేతిలోని గ్లాసు వైపు, కొడుకు వైపు చూశాడు. తన వస్తువును ఎవరో తనది కాదంటే నిజమేనేమో అని సందేహపడే మనిషిలా దాన్ని బల్ల మీద పెట్టబోయాడు.

స్టాల్ వెనక పెట్టెలు సర్దుతున్న శారదమ్మ లేచి వచ్చింది. ఆయన ఎదురుగా నిలబడి, ఎప్పటినుంచో ఎరిగిన మనిషిని పలకరించినట్టు అడిగింది.

"ఆమె కాళ్లకు కడియాలుండె. యాదికొచ్చిందా, సార్?"

రామచంద్రరావు ఆమెను తేరిపార చూశాడు. "కడియాలు," అన్నాడు. కాసేపటికి, "వాటికి బురద పట్టేది," అన్నాడు.

"పట్టేది. బాయి కాడ కడుక్కొని లోపటికొచ్చేది. అప్పటిదాక మనల్ని దగ్గరకు రానియ్యకపోయేది."

"రానిచ్చేది కాదు," అన్నాడు ఆయన, తల ఊపుతూ. "నేను అయినా పోయేవాణ్ని. రామ్లూ, ఆగురా అని అరిచేది."

ఫణీంద్ర తల ఎత్తాడు. తండ్రిని ఎవరైనా రామ్లూ అని పిలిచారని అతను ఎప్పుడూ వినలేదు. పిలిచింది ఆ టీచరమ్మే అయి ఉండాలి, ఏ బడి నుంచో ఇంటికి వస్తూ. ఇద్దరు తల్లులు ఆయన నోట ఒక్కరైపోయారు. శారదమ్మకు అదేమీ అడ్డం కాలేదు. కుర్చీ లాగి ఆయన్ను కూర్చోబెట్టి, తను కింద అట్టపెట్టె మీద కూర్చుని, మన అవ్వ గట్ల జేసేది, మన అవ్వ గిట్లనేది అని చెబుతూ పోయింది. ఆయన వింటూ, మధ్యమధ్య తనకు తెలిసింది కలుపుతూ, గ్లాసును ఒళ్లో పెట్టుకున్నాడు. చుట్టూ జనం వస్తున్నారు, పోతున్నారు. సిరి రికార్డు చేయడం మానేసింది. ఉమ ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ఫోటో కూడా లేని ఒక కూలితల్లి, తను ఎన్నడూ చూడని నగరంలో, ఎన్నడూ కనని కొడుకును దగ్గరకు తీసుకుంటోంది. దానికి కావలసిందల్లా ఒక గ్లాసు మైనం, దాని మీద ఒక చిన్న లేబులు. ఇది తన చేతిలోంచి వచ్చిందంటే ఉమకు నమ్మకం కలగలేదు.

ఇంటికి ఆటోలో వస్తున్నప్పుడు శారదమ్మే అంది.

"ఆయనకు లేకుంటె నాది తీసుకున్నడు. నాకేం తక్కువైంది, చెల్లె? అవ్వ ఉన్నన్ని దినాలు ఇంటికెవరొచ్చినా బువ్వ పెట్టకుంట పంపకపోయేది."

దసరా తర్వాత మళ్లీ లేబుళ్లు కొట్టించాల్సి వచ్చినప్పుడు శారదమ్మ తన మాటలో ఒక్క పదం మార్చమంది. ఇప్పుడు ఆ లేబులు మీద 'మా అవ్వ' అని లేదు, 'మన అవ్వ' అని ఉంది. ఉమకు వాసన ఇంకా రాలేదు. పొద్దున్నే సీసాలు పీలుస్తూనే ఉంది. ఫణీంద్ర వాళ్లుండేది నాచారంలోనే. వారానికి ఒకసారి శారదమ్మ పని నుంచి వస్తూ వాళ్లింట్లో కాసేపు ఆగుతుంది. తలుపు తీసినప్పుడు పెద్దాయనకు ఆమె పేరు గుర్తుండదు. ఆమె చెప్పదు. లోపలికి వెళ్లి కొవ్వొత్తి వెలిగిస్తుంది, ఆయన తన కుర్చీని దానికి దగ్గరగా జరుపుకుంటాడు.